అత్త అడిగిన తలె

పొద్దుగాల చాయ గొంతులో పడంగనే యాదవ్వ చాట ముందరేసుకుని కూర్చునేది. ముందునాడు తడిపి బట్టలో చుట్టిపెట్టిన తునికాకును కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, బీడీ చుట్టి దారం కట్టేది. అదే అరుగు మీద ఆ కొసకు అత్త నాగవ్వ, ఆమె ముందర ఇంకో చాట. మెట్‌పల్లిలో ఆ వాడంతా బీడీల వాడే. ఏ ఇంటి ముందు చూసినా ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు, చేతులు ఆడుతుంటయి, నోళ్లు ఆడుతుంటయి. యాదవ్వ ఇంటి ముందు మాత్రం చేతులే ఆడేవి.

అత్తాకోడండ్లకు మాటలు బందై తొమ్మిదేండ్లు. ఒకనాడు నాగవ్వ అందరి ముందర కోడలు కట్టిన కట్ట విప్పి, "ఇవి బీడీలా, పిల్లలు ఊదే పీకలా? చేతులతోని చుట్టినవా, కాళ్లతోని చుట్టినవా?" అన్నది. వాడంతా నవ్వింది. యాదవ్వ కూడా తిరిగి ఒక మాట అన్నది, అది ఇక్కడ రాసే మాట కాదు. అప్పటి నుంచి ఏమన్న చెప్పాలంటే నడుమ యాదవ్వ బిడ్డ కోమల ఉండాలె.

"మీ అవ్వకు చెప్పు, కూరల ఉప్పెక్కువైంది" అని నాగవ్వ.

"మీ బాపమ్మకు చెప్పు, నీళ్లు కలుపుకొమ్మను."

కోమల నర్సు చదువుకు కరీంనగర్ హాస్టల్‌కు పోయినంక ఇద్దరూ గోడకు చెప్పుకున్నరు.

వానకాలంలో నాగవ్వకు పక్షవాతం కొట్టింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఇరవై దినాలకు మాటైతే తిరిగొచ్చింది గానీ, వచ్చింది తెలుగు కాదు. "ఓలు మినా సావ పింటో! తలె, తలె!" అని కోడలి దిక్కు చూసి చెయ్యి ఊపేది.

యాదవ్వ కోమలకు ఫోన్ చేసి వినిపించింది.

"అవ్వా, గిది నా ఆటల మాట గదనే!" అన్నది కోమల. "నా పాత ఫోన్ల ఉంటది చూడు, బుడ్డ బుడ్డ మనుషులు ఊరు కట్టుకునే ఆట. వాళ్లు గిట్లనే మాట్లాడుతరు."

"ఏ దేశపోళ్లే వాళ్లు?"

"ఏ దేశపోళ్లు గాదు. ఆట చేసినోళ్లు పుట్టించిన భాష."

"మరి అర్థమో?"

"అర్థం ఏడ రాసుండదు. వాళ్లు ఏం చేస్తరో చూసుకుంట తెలుసుకోవాలె. నేనైతే ఎన్నడు పట్టించుకోలే, ఇండ్లు కట్టుకుంటనే పోయిన."

వాడలో ఎవ్వరూ వింతపడలేదు. "మా మామకైతే మాటే రాలే. గీమెకు ఏదో ఒక భాష వచ్చింది, నయమే" అన్నది పక్కింటి ఉమారాణి. దవఖానలో డాక్టరు విని, తలూపి, "గోలీలు అవే వాడండి" అన్నడు.

పరేషానంతా తిండి కాడ వచ్చింది. నాగవ్వ పొద్దంతా "తలె, తలె" అనేది. ఆ దిక్కు తలె అంటే అన్నం తినే పళ్లెం. ఎన్ని మాటలు అర్థం కాకున్నా గీ ఒక్కటి అర్థమైంది కదా అని, యాదవ్వ తలెలో మెత్తగ పిసికిన అన్నం, పప్పుచారు పోసి మంచం పక్కన పెట్టి తన చాట కాడికి పోయేది. నాగవ్వ ఎడమచేత్తో తలెను అవతలికి నూకేది. మళ్ల "తలె!" అనేది. స్టీలుది నచ్చలేదేమో అని యాదవ్వ ఇత్తడిది తీసింది. ఉమారాణి ఇంట్లకెళ్లి పింగాణిది తెచ్చింది. దేన్నయినా నూకుడే, రెండు గుక్కల పాలతోనే పానం నిలిచింది.

"అడుగుతది, తెస్తే నూకుతది. ఇంకా కసి పోలే" అని యాదవ్వ గోడకు చెప్పింది.

నెల తిరిగేసరికి నాగవ్వ మంచానికి అంటుకపోయింది. మస్కట్‌లో ఉన్న యాదవ్వ పెనిమిటి రాజం ఫోన్‌లో ఏడ్చిండు.

"గిట్లయితే అవ్వ బతకదు. నీ చేతి తిండి తింటలేదాయె. ఐతారం నాడు లచ్చయ్య మామ కారు తెస్తడు, కరీంనగర్ల ఆశ్రమంల చేర్పిస్తం. ఆడ పైపు పెట్టన్న తినపెడుతరు."

లచ్చయ్య నాగవ్వ తమ్ముడు, ఉండేది పెద్దపల్లిలో. యాదవ్వ సరే అన్నది. అన్నది గానీ ఆ పూట ఒక్క బీడీ చుట్టలేకపోయింది.

శనివారం పగటిపూట పెట్టెలో అడుగున ఉన్న పాత ఫోన్ తీసి ఛార్జింగ్ పెట్టింది. ఆటలో బొటనవేలంత మనుషులు చేన్లు దున్నుతున్నరు, కట్టెలు మోస్తున్నరు. ఒక ముసలి బొమ్మ పొయ్యి మీద అంబలి కాచింది. కాచింది గానీ తాగలేదు. చెయ్యి ఊపుకుంట పిలిచింది, "తలె! తలె!" అని.

చేనులో ఉన్న ఒకామె పార పడేసి వచ్చింది. పళ్లెం తేలేదు, చెంబు తేలేదు. ఉత్తచేతులతోని వచ్చి మోకాలికి మోకాలు తగిలేటట్టు పక్కన కూర్చున్నది. అప్పుడు ఇద్దరూ తాగిన్రు. ఆటలో మూడు పొద్దులు గూకినయి. మూడుసార్లూ అంతే.

యాదవ్వ ఫోన్ పక్కన పెట్టి, చాట ఎత్తుకపోయి, అత్త మంచం పట్టెకు ఆనుకుని కూర్చున్నది. నాగవ్వ ఎడమచెయ్యి తెచ్చి కోడలి భుజం మీద వేసింది. జరసేపయినంక అన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు తిన్నది.

ఇగ ఆ పొద్దంతా యాదవ్వ ఆట చూసుకుంట మాటలు పట్టుకున్నది. సావ అంటే నీళ్లు. పింటో అంటే కాలుతున్నది. మినా అంటే ఉన్నా, ఈడనే ఉన్నా అని. తొమ్మిదేండ్ల కొట్లాటంతా తెలుగులో అయింది. గీ భాషలో ఇద్దరికీ ఇంకా ఏ కొట్లాటా కాలేదు. అందుకేనేమో యాదవ్వ నోటికి తొందరగనే వచ్చింది.

ఐతారం పదింటికి లచ్చయ్య కారు దిగిండు. "బట్టలు సదిరినవా బిడ్డా?" అనుకుంట వచ్చి మంచం కాడ వంగిండు. "అక్కా, పోదామానే?"

నాగవ్వ తమ్ముణ్ని చూసింది. కోడలి దిక్కు తిరిగి చాలాసేపు మాట్లాడింది. ఆగింది, కళ్లు తుడుచుకుని మళ్ల మాట్లాడింది. యాదవ్వ తలవంచుకుని వినుకుంట, నడుమ నడుమ "మినా, మినా" అన్నది. కారు డ్రైవర్ కూడా దర్వాజ కాడ నిలబడి విన్నడు.

"ఏమంటున్నదే మా అక్క?" అడిగిండు లచ్చయ్య.

"అత్త రాదట, మామా."

"గంతసేపు మాట్లాడితే గింత ముక్కనేనా?"

యాదవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నది.

"మిగిలింది నాకు చెప్పింది" అన్నది.

లచ్చయ్య ఇద్దరినీ చూసి, డ్రైవర్ దిక్కు తిరిగిండు.

"కారు మర్లపు తమ్మీ" అన్నడు.