మధ్యలో గొడుగు

సాయంత్రం ఎండ పెద్దవీధి మీంచి జారి మేడల వెనక్కి వెళ్ళే వేళకి దుకాణాలవాళ్ళందరూ బయటికొచ్చి ఎవరి మెట్ల మీద వాళ్ళు కూర్చునేవారు. పగటి బేరాలు అయిపోయి, దీపాల బేరాలు ఇంకా మొదలుకాని ఆ కాసేపూ వీధికి విశ్రాంతి. ఒకరి మెట్టు మీద ఇంకొకరు పిలవకుండా కూర్చోవడం మర్యాద కాదు. కొనడానికి వచ్చినవాడు కింది మెట్టు మీద, అయినవాడు పై మెట్టు మీద. ఈ సంగతి ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా అందరికీ తెలుసు.

ఒక్కచోట మాత్రం చిక్కుండేది. తాళాలు బాగుచేసే ఆయనదీ గొడుగులు బాగుచేసే ఆవిడదీ ఒకప్పుడు ఒకే కొట్టు. అన్నదమ్ములెవరో పంచుకుని మధ్యలో గోడ కట్టారు గానీ, ముందున్న పొడవాటి రాతిమెట్టును పగలగొట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందుకని అది ఇద్దరిదీ. తాళాలాయన ఆ చివర, గొడుగులావిడ ఈ చివర, మధ్యలో ఒక గొడుగు.

ఆ గొడుగు సంగతి ముందు చెప్పాలి. ఆవిడ ఏ గొడుగు బాగుచేసినా దాని మీద చెంబుడు నీళ్ళు పోసి, ఎక్కడా కారడం లేదని చూసుకుని, విప్పి మెట్టు మధ్యలో ఆరబెట్టేది. కొత్తలో ఒకరోజు, "మీకు అడ్డమేమో, తీసేస్తానండీ" అంది. ఆయన కంగారుపడి, "అబ్బే, ఉండనివ్వండి. అదే బాగుంది" అన్నాడు. మర్యాదకి అన్న మాట అది. ఆవిడేమో, ఈయనకి నేను కంటపడకపోతేనే హాయిగా ఉన్నట్టుంది అనుకుంది. మర్నాటినుంచి గొడుగు లేకుండా కూర్చోలేదు. పని ఏదీ రాని రోజున కూడా సొంత గొడుగే తెచ్చి విప్పి పెట్టేది. అది చూసి ఆయన, పాపం నా పక్కన కూర్చోవడం ఈవిడకి ఇబ్బంది కాబోలు అనుకుని ఇంకో మూరెడు అవతలికి జరిగాడు. అలా ఇద్దరు బుద్ధిమంతులూ చెరోపక్క కూర్చుని, మధ్యనున్న నల్లగుడ్డతో మాట్లాడుకుంటూ నడివయసు దాటించేశారు. కాస్త తెలివితక్కువ వాళ్ళయితే ఎప్పుడో పెళ్ళి చేసుకుని ఉండేవారు.

ఆవిడ చెల్లెల్ని పెంచి, పెళ్ళిచేసి పంపేసరికి, నీ సంగతేమిటని అడిగేవాళ్ళెవరూ మిగల్లేదు. ఆయన తల్లి చాలాకాలం మంచాన పడి ఉంది కనక ఆయన్నీ ఎవరూ అడగలేదు.

ఇంతలో వీధి వెడల్పు చేస్తామన్నారు. పాత కొట్లు తీసేసి, వాటి వెనకే లేచిన నాలుగంతస్తుల కాంప్లెక్సులో గదులిస్తామన్నారు. ఒక పొద్దున పచ్చరంగు యంత్రం వచ్చి మెట్లూ గోడలూ అన్నీ నున్నగా ఊడ్చేసింది. ఆ సాయంత్రం ఎదురు వరుస సెలూన్ పెద్దాయన తాత్కాలికంగా వేసుకున్న రేకుల షెడ్డులోంచి అలవాటుగా బయటికొచ్చి, మెట్టుండే చోట కూర్చున్నాడు. మెట్టు లేదు. అయినా ఆయన పడలేదు. గాల్లో కాలుమీద కాలేసుకుని, "ఇవాళ దుమ్ము మరీ ఎక్కువగా ఉందర్రా" అన్నాడు. మిగతావాళ్ళూ వచ్చి ఎవరి చోట్లలో వాళ్ళు కూర్చున్నారు. ఇన్నేళ్ళు కూర్చున్న చోటు ఒక్కపూటలో ఎక్కడికి పోతుంది?

రోడ్డు మేస్త్రీ కంకర పోయించడానికి వచ్చి, గది ఊడ్చేటప్పుడు పెద్దవాళ్ళని అడిగినట్టు, "కాస్త కాళ్ళెత్తండి బాబాయ్" అన్నాడు. తారు పోసిన రోజున, "అప్పుడే దించకండి, కాలుతుంది" అని కూడా చెప్పి వెళ్ళాడు.

కాకపోతే, కూర్చోవడం మానేసినవాళ్ళ మెట్లు నిలవలేదు. బట్టలకొట్టాయన కొత్తషాపు హడావిడిలో పడి రావడం మానేశాడు. వారం తిరక్కుండానే ఆయన మెట్టులోంచి సైకిళ్ళు వెళ్ళిపోతున్నాయి. మనవాళ్ళిద్దరి మెట్టు మాత్రం ఒక్కసారిగా పోలేదు. రెండు చివర్ల నుంచీ రోజుకో జానెడు తరిగిపోతూ వచ్చింది. నిన్నటి చోట కూర్చోబోతే కింద ఏమీ తగలదు. ఎవరికి వాళ్ళు గొంతు సవరించుకుని కొంచెం లోపలికి జరిగేవారు.

కాంప్లెక్సులో చీటీలు తీస్తే ఆయనకి వీధి మీది గది వచ్చింది. ఆవిడకి నాలుగో అంతస్తు.

"చిరిగిన గొడుగు పట్టుకుని వానలో నాలుగంతస్తులు ఎవరెక్కుతారండీ?" అంది ఆవిడ గొడుగు ఇవతల నుంచి. "ఈ పని మానేస్తాను. మా చెల్లెలు ముగ్గురు పిల్లలతో సతమతమవుతోంది, వచ్చి తన దగ్గరే ఉండిపొమ్మంటోంది. ఆదివారం సాయంత్రం తనే వచ్చి తీసుకెళ్తుందట."

"ఓహో" అన్నాడాయన గొడుగు అవతల నుంచి. "బస్సులో కిటికీ పక్క సీటేనా?"

"అవునట."

"మంచిది."

ఇంటికెళ్ళి ఆ "మంచిది" తలుచుకుని తల బాదుకున్నాడు. ఆయనకి ఆవిడంటే ప్రాణం. ఈ మాట నేనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన చెప్పేలా లేడు.

సెలూన్ పెద్దాయన మర్నాడు గడ్డం గీస్తూ కదిపి చూశాడు. "ఊరందరి తాళాలూ తీస్తావు, నోరు తీయడానికి నీకేం రోగంరా?"

"ఆవిడకి నేనంటే పడదు బాబాయ్. గొడుగు అడ్డం పెట్టుకుని కూర్చోవడం నువ్వు చూడ్డం లేదూ?"

"చూస్తూనే ఉన్నాను. మొన్నటిదాకా విప్పి పెట్టేది, నిన్న ముడిచి పెట్టింది. మరి అదేమిటి?"

"విప్పడానికి చోటు లేక."

"నీ మొహం" అని పెద్దాయన నురగ తుడిచేశాడు.

శుక్రవారం గొడుగును పడుకోబెట్టడానికీ కుదరక ఆవిడ నిలబెట్టి పట్టుకుంది. శనివారం ఇద్దరి భుజాల మధ్యా గొడుగు మందం చోటే మిగిలింది. ఆ సాయంత్రం ఆవిడ ముందు లేచింది. లేవగానే ఆయన ధబ్బుమని తారు మీద పడ్డాడు. మిగిలిన ఆ కాస్త ముక్కా ఇద్దరూ కూర్చుంటేనే నిలుస్తోంది మరి.

"అయ్యయ్యో, దెబ్బ తగిలిందా?"

"అబ్బే, బాగానే ఉంది" అన్నాడు నడుం పట్టుకుని. ఆయనకి అన్నీ బాగానే ఉంటాయి.

ఆదివారం ఆవిడ పెట్టెలు కట్టేసి, చివరిసారి కూర్చుని పోదామని వచ్చింది. ఆయన అప్పటికే నిలబడి ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ ఒక్కసారే కూర్చున్నారు. భుజానికి భుజం తగిలింది. గొడుగు పెట్టడానికి ఎక్కడా సందు లేదు. ఒళ్ళో పెట్టుకుంటే దాని కొస ఆయన మోకాలికి గుచ్చుకుంటోంది.

"దీన్నెక్కడ పెట్టనండీ?" అంది ఆవిడ దిగులుగా. "ఇది లేకపోతే మీకు ఇబ్బంది కదా."

"నాకా? నాకెందుకు ఇబ్బంది?"

"మీరే అన్నారుగా, ఉండనివ్వండి, అదే బాగుందని."

"అది... మర్యాదకి అన్నానండీ. అడ్డం మీకే కావాలనుకున్నాను."

"నాకెందుకు? పనిలేని రోజున కూడా సొంత గొడుగు మోసుకొచ్చింది మీకోసమే."

"నేను జరిగింది కూడా మీకోసమే."

వాళ్ళని చూస్తే నాకు ఏడుపూ వస్తుంది, చెరో మొట్టికాయా వేయాలనిపిస్తుంది. ఎన్ని సాయంత్రాలు పోయాయి!

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. చెల్లెలు తల బయటికి పెట్టి, "అక్కా, పెట్టెలెక్కించేశాను. రా, బస్సు వెళ్ళిపోతుంది" అని కేకేసింది.

ఆవిడ కొంగు సర్దుకుని లేవబోయింది. సగం లేచిందో లేదో, ఆయన కింద మెట్టు పక్కకి ఒరిగింది. ఆయన మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"మీరు లేస్తే నేను పడిపోతానండీ."

మెట్టు సంగతే చెప్పాడు. మెట్టు వంక మాత్రం చూడలేదు.

ఆవిడ మళ్ళీ కూర్చుంది. గొడుగు పిడిని నిమురుతూ, చెల్లెలికి వినబడేట్టు, "పెట్టెలు దించించవే" అంది. "ఈయన పడిపోతారట."

"అదేమిటే! మరి నువ్వెప్పుడు వస్తావు?"

"లేవడం కుదిరినప్పుడు. సెలవులకి పిల్లల్ని పంపు."

చెల్లెలు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ముందే ఏడవచ్చుగా, టిక్కెట్లు దండగ" అంటూ పెట్టెలు తనే దించింది. చీకటి పడ్డాక వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని ఒక్కసారే లేచారు. వెనక్కి తిరిగి చూసేలోపు ఆ చోటులోంచి ఒక లారీ వెళ్ళిపోయింది.

వీధి మీది గదిలో ఇప్పుడు ఒక పక్క తాళాలు, ఒక పక్క గొడుగులు. మధ్యలో గోడ లేదు. కాంప్లెక్సుకి మెట్లు పెట్టలేదు, గుమ్మం దాకా నున్నటి పలకలే. అయినా సాయంత్రమయ్యేసరికి ఇద్దరూ బయటికొచ్చి కూర్చుంటారు, దేనిమీదని అడక్కండి. ముందు ఆవిడ వస్తుంది. ఆయన తడిగొడుగును లోపల మేకుకి తగిలించి వచ్చి, "కాస్త జరగండి" అంటాడు.

ఆవిడ జరగదు.