మినాకావా గోల్‌కీపర్

ఆ ఆదివారం శ్రీవత్స చరిత ఇంట్లో పచ్చిపులుసు రెండుసార్లు పోయించుకుని తిన్నాడు. మిగిలింది డబ్బాలో పెట్టించుకుని మరీ వెళ్లాడు. మర్నాడు పొద్దున హెచ్.ఆర్. నుంచి ఫోన్ వచ్చింది, చరిత ఉద్యోగం పోయింది. ఎవరెవర్ని తీసేయాలో వారం ముందే తేలిపోయిందనీ, తేల్చింది శ్రీవత్సేననీ ఆమెకు తర్వాత తెలిసింది. ఉద్యోగం పోయినందుకు ఏడ్చింది ఒక్కపూటే. ఆ మనిషికి కొసరి కొసరి వడ్డించిన సంగతి మాత్రం ఎన్నాళ్లకీ మింగుడుపడలేదు.

వాళ్లిద్దరూ పనిచేసింది అట్లాంటా శివార్లలో ఒక చిన్న కంపెనీలో. ఫుట్‌బాల్ జట్ల ఆటను విశ్లేషించి ఇవ్వడం దాని వ్యాపారం. శ్రీవత్స మేనేజరు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది, గ్రీన్‌కార్డు ఎప్పుడో చేతికొచ్చింది. చరితది సికింద్రాబాద్. కాలేజీ రోజుల్లో గోల్‌కీపర్‌గా నిలబడి, మోకాళ్లు కొట్టుకుపోయేలా మట్టిలో దూకిన మనిషి. ఆ అనుభవంతోనే ఒక ప్రోగ్రాం తయారుచేసింది. అవతలి జట్టు కార్నర్ కిక్ కొట్టబోతుంటే, గోల్‌కీపర్ ఎక్కడ నిలబడితే గోల్ పడకుండా ఉంటుందో అది చెబుతుంది. జపాన్ మొదటి డివిజన్ లీగ్‌లో ఆడే మినాకావా అనే పెద్ద క్లబ్బు దాన్ని తీసుకుంటానంది. టోక్యో మీటింగ్‌కి శ్రీవత్స ఒక్కడే వెళ్లాడు. "ఇది నేను రెండేళ్లు కష్టపడి చేసిన సిస్టమ్" అని అక్కడ చెప్పిన వీడియోను కంపెనీ వాళ్లే నెట్‌లో పెట్టారు. చరిత దాన్ని ఉద్యోగం పోయాక చూసింది. 'నేను' అన్న మాట దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసింది.

"ఎన్నిసార్లు జూస్తవ్? బంద్ జెయ్ ఇగ," అన్నాడు భర్త రఘు.

"వాని మొఖం మంచిగ యాదికి పెట్టుకుంటున్న," అంది చరిత.

ఉద్యోగంతో పాటు హెచ్-1బి వీసా కూడా పోవడంతో రఘు వీసా మీదికి డిపెండెంట్‌గా మారింది. వర్క్ పర్మిట్ వచ్చేదాకా అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లోని ఇంట్లో ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఖాళీలో ఆమె చేసిన పని ఒక్కటే, మినాకావా ఆటలన్నీ వరసగా చూడటం. చూస్తూ చూస్తూ ఒకరోజు సోఫాలో నిటారుగా లేచి కూర్చుంది.

ఆమె ప్రోగ్రాంలో ఒక లోపం ఉంది. కార్నర్ కొట్టే ఆటగాడు బంతిని నేరుగా గోల్ ముందుకు ఎగరేస్తే ప్రోగ్రాం చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. అలా కాకుండా, పక్కనే ఉన్న తన మనిషికి చిన్నగా అందించి, వాడు నాలుగడుగులు వెనక్కి తీసుకొచ్చి కొడితే మాత్రం ప్రోగ్రాం బోల్తా పడుతుంది. గోల్‌కీపర్‌ని కార్నర్‌కి దగ్గరగా ఉన్న గోల్‌పోస్టు పక్కనే నిలబెట్టేస్తుంది. వెనకంతా ఖాళీ. ఈ సంగతి ఆమె ఆఫీస్ మీటింగ్‌లో చెప్పింది కూడా. సరిదిద్దేలోపే ఆమెని సాగనంపారు. లోపం అలాగే జపాన్ వెళ్లిపోయింది.

వర్క్ పర్మిట్ వచ్చిన వారమే ఒరినో అనే క్లబ్బును సంప్రదించింది. ఆ ఏడాదే రెండో డివిజన్ నుంచి పైకొచ్చిన చిన్న ఊరి జట్టు అది. అసిస్టెంట్ కోచ్ కనేదా అమెరికాలోని ఆరెగాన్‌లో చదువుకున్నవాడు, ఇంగ్లీషు బాగా వచ్చు. వీడియో కాల్‌లో అంతా విని, "ఇన్ని క్లబ్బులుండగా మినాకావా మీదే మీకింత పట్టుదల ఎందుకు?" అని అడిగాడు.

దాచడం చరితకి ఇష్టం లేకపోయింది. "ఒక మనిషి మీద కక్ష," అంది.

కనేదా నవ్వాడు. "మా హెడ్ కోచ్‌ని కూడా ఆ క్లబ్బే గెంటేసింది. మనకి కుదురుతుంది."

రఘుకి భయం వేసింది. "లీగల్ నోటీస్ పంపితే ఎట్ల? మన స్టేటస్ రిస్క్‌ల పడ్తది."

"ఒక్క లైన్ కోడ్ గూడ తీస్కరాలే. నా తలకాయల ఉన్నది నాదే."

ఫిబ్రవరిలో సీజన్ మొదలైంది. చిన్న కార్నర్ ఎత్తుగడను ఒరినో ఆటగాళ్లు బయటివాళ్లెవర్నీ రానివ్వని మైదానంలో సాధన చేశారు. మే నెలలో మినాకావాతో ఆట వచ్చేదాకా దాన్ని ఎవరి మీదా వాడొద్దని చరిత షరతు పెట్టింది. ఏప్రిల్‌లో ఒక ఆట డ్రాగా సాగుతూ ఆఖరి నిమిషంలో కార్నర్ దొరికింది. అప్పుడు కూడా వాళ్లు మాట తప్పలేదు. గెలవాల్సిన ఆట చేజారిపోయింది.

"ఆ ఎత్తు వేసి ఉంటే గెలిచేవాళ్లం. కుర్రాళ్లు నీరుగారిపోయారు," అన్నాడు కనేదా.

"మేలో తీరుతుంది," అందే గానీ, ఆ కుర్రాళ్ల గురించి ఆమె నిజానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మినాకావాతో ఆట అట్లాంటా టైముకి శనివారం తెల్లవారాక టీవీలో వచ్చింది. చరిత కాఫీ కలుపుకుంది గానీ తాగలేదు. మినాకావా గోల్‌లో నిలబడ్డవాడు హయాషిదా. ఇరవై మూడేళ్లవాడు, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. మొదటి సగంలోనే ఒరినోకి కార్నర్ దొరికింది. చిన్నగా అందించారు, వెనక్కి తెచ్చారు, కొట్టారు. హయాషిదా దగ్గరి పోస్టును పట్టుకుని నిలబడే ఉన్నాడు. బంతి అతని తల మీదుగా వెళ్లి అవతలి వైపు వలలో పడింది. రెండో సగంలో మళ్లీ అదే జరిగింది. అదీ మినాకావా సొంత స్టేడియంలో, అరవై వేల మంది ముందు. కెమెరా ఒకసారి మినాకావా బెంచీ వైపు తిరిగితే, వెనక వరసలో, కంపెనీ తరఫున వచ్చిన శ్రీవత్స సూటు వేసుకుని కనిపించాడు. టాబ్లెట్ మీద వేలు ఆడిస్తూ ఏదో వెతుకుతున్నాడు.

"వెతుక్కో," అంది చరిత టీవీతో. "సావుదాక వెతుక్కో."

ఏడాదిగా గుండెలో మండుతున్నది ఒక్కసారి చల్లబడినట్టనిపించింది. రఘుని లేపి మరీ ఆ రెండు గోల్స్ చూపించింది.

ఆ తర్వాత ఆమె చేయాల్సిన పనే లేకపోయింది. ఆ ఆట వీడియో చూసిన ప్రతి జట్టూ మినాకావా మీద అదే ఎత్తు వేసింది. వారం వారం గోల్స్ పడుతూనే ఉన్నాయి. పట్టికలో మూడో స్థానంలో ఉన్న క్లబ్బు జూలై నాటికి అడుగుకు జారింది. చివరి మూడు జట్లూ రెండో డివిజన్‌కి దిగిపోవాల్సిందే. ప్రతి ఓటమినీ చరిత పండుగలా చూసింది.

జూలై చివర్లో శ్రీవత్స ఒక జపాన్ చానెల్‌తో మాట్లాడాడు. "సిస్టమ్ చెప్పిందొకటి, గోల్‌కీపర్ చేసిందొకటి. కుర్రాడికి క్రమశిక్షణ లేదు," అన్నాడు. మర్నాటి నుంచి హయాషిదాని బెంచీ మీద కూర్చోబెట్టారు. అభిమానుల గ్యాలరీ ముందు నిలబడి అతను నడుం వంచి క్షమాపణ చెబుతుంటే, పైనుంచి ఈలలు, కేకలు. అతను చాలాసేపటిదాకా తలెత్తలేదు.

చరిత టీవీ కట్టేసింది. గోల్ పడ్డాక వలలోంచి బంతి తీసుకొచ్చే నడక ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఆ కుర్రాడు ప్రోగ్రాం చెప్పినచోటే నిలబడ్డాడని ఈ లోకంలో అందరికంటే బాగా ఆమెకే తెలుసు. శ్రీవత్స మీద కోపం రెట్టింపైంది. కాకపోతే అందులో ఇప్పుడు కొంత తనవైపు కూడా తిరుగుతోంది, అది ఆమెకి నచ్చలేదు.

ఆగస్టులో శ్రీవత్స వాళ్లింటికే వచ్చాడు. స్వీట్ బాక్స్ టేబుల్ మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"చూడు చరితా, నువ్వు ఒరినోకి కన్సల్టింగ్ చేస్తున్నావని తెలిసింది. దానికి నేనేం అనను. ఒక్క గంట టైమివ్వు. తేడా ఎక్కడుందో చెప్పు చాలు. మా టీమ్‌లో ఎవడికీ అంతుపట్టట్లేదు."

"నిరుడే కాన్ఫరెన్స్ రూమ్‌ల చెప్పిన. మీరు ఫోన్ జూస్కుంటున్నరు."

"జరిగిందేదో జరిగిపోయింది. బడ్జెట్ కట్స్ అప్పుడు, నా చేతుల్లో ఏముంది?"

"పచ్చిపులుసు తినేటప్పుడు తెలుసు గదా మీకు?"

శ్రీవత్స స్వీట్ బాక్స్‌ను టేబుల్ మీద ఇంకాస్త ముందుకు జరిపాడు. వంటగది గుమ్మంలోకి రఘు వచ్చి నిలబడ్డాడు.

"సరే. ఏం కావాలో చెప్పు," అన్నాడు శ్రీవత్స చివరికి.

"ఇప్పుడే, నా ముందల, మినాకావావాళ్లకు కాల్ చెయ్యున్రి. ఈ సిస్టమ్ ఎవరు చేసిన్రో చెప్పున్రి. తప్పు పిల్లగానిది కాదని చెప్పున్రి. గంట కాదు, పొద్దందాక కూసుంట."

అతను ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. మినాకావా నంబరు దాకా వెళ్లి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. "అలా చెబితే నా కెరీర్ పోతుందమ్మా," అని లేచాడు. చరిత స్వీట్ బాక్స్ తెచ్చి అతని చేతిలో పెట్టి తలుపు తీసింది.

డిసెంబర్ మొదటివారంలో ఒకరోజు పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే వార్త. మినాకావా ఆఖరి ఆట కూడా ఓడిపోయి, క్లబ్బు చరిత్రలో మొదటిసారి రెండో డివిజన్‌కి దిగిపోయింది. ఒరినో పదకొండో స్థానంలో నిలిచి గట్టెక్కింది. ఆ వారంలోనే కంపెనీతో ఒప్పందాన్ని మినాకావా రద్దు చేసింది, కంపెనీ శ్రీవత్సను తీసేసింది. ఆ కబురు తెలిసిన రోజు చరిత ఆఫీస్‌కి వెళ్తున్న రఘుకి అడక్కుండానే పూరీలు చేసిపెట్టింది. ఏదో పాట కూనిరాగం తీసింది. నెల తిరక్కుండా శ్రీవత్సకి కాలిఫోర్నియా డబ్లిన్‌లో ఇంకో ఉద్యోగం దొరికిందని తెలిసినప్పుడు మాత్రం ఆ పాట ఆగిపోయింది. వాడికి వీసా గండం లేదు, నెలలకొద్దీ ఇంట్లో కూర్చున్నదీ లేదు. తను పడ్డదాంట్లో సగం కూడా వాడు పడలేదు.

నిజంగా పడ్డవాడు వేరే ఉన్నాడు. మినాకావా వదిలేసిన హయాషిదాని ఏ క్లబ్బూ పిలవలేదు. చరిత ఒరినో కోచ్‌లతో పట్టుబట్టింది. "అతను నిలబడమన్నచోటే నిలబడ్డాడు. అతన్ని తీసుకోకపోతే నేను కూడా ఉండను," అంది. జనవరిలో తీసుకున్నారు. మొదటి వీడియో కాల్‌లో కనేదా పక్కన కూర్చుని అటూ ఇటూ అనువదించాడు.

"మేలో ఆ ఎత్తు వేసింది నేనే," అంది చరిత. "నువ్వు ఎక్కడ నిలబడతావో తెలిసే వేశాను. నువ్వెవరో అప్పుడు నాకు అక్కర్లేకపోయింది."

హయాషిదా విని, నెమ్మదిగా ఏదో చెప్పాడు.

"మొదటి గోల్‌కే అతనికి అర్థమైందట," అన్నాడు కనేదా. "వెనక్కి జరుగుతానని బెంచీ వైపు అరిచాడట. వద్దని టాబ్లెట్ చూపించారట."

"నా మీద కోపం లేదా?"

కనేదా అడిగాడు. హయాషిదా మొహమాటపడకుండా తలూపాడు.

"ఉందట. అయినా సోమవారం ప్రాక్టీస్‌కి వస్తాడట. ముందు తన మీద పడ్డ గోల్స్ అన్నీ మీతో కలిసి చూడాలంటున్నాడు. ఒక్కటీ వదలకుండా."

చరిత మే నెల ఆట తెరిచింది. మొదటి కార్నర్ దగ్గర, బంతి వెనక్కి కదులుతుండగా, హయాషిదా చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. తెర మీది తన బొమ్మను చూపించి ఏదో మొదలుపెట్టాడు. చరిత కుర్చీ దగ్గరికి లాక్కుని వినసాగింది.