ఎడమ గొట్టంలో నాయన

చిత్తూరు కోర్టు వెనక సందులో ప్రసన్నకుమారి తుపాకుల అంగడి తొమ్మిదింటికి తెరుస్తుంది. బల్ల తుడిచి, నూనె గుడ్డలు పక్కన పెట్టి, బైబిల్లో ఒక వచనం చదువుకుని పనిలో కూర్చుంటుంది. మరమ్మతుకు వచ్చిన తుపాకులు, లైసెన్సుదారు పోయాక వారసులు తెచ్చి అప్పగించినవి గోడ పొడుగునా గొలుసుకు కట్టి ఉంటాయి. పాత తుపాకీ వయసు, విలువ తేల్చాలంటే ఆ చుట్టుపక్కల ఆమె మాటే మాట.

ఆ రోజు బంగారుపాళ్యం నుంచి రూపశ్రీ, ఆమె అన్న మునిచంద్ర వచ్చారు. వాళ్ల నాయన పోయి ఎనిమిది నెలలు. ఆయన జంట గొట్టాల తుపాకీ అప్పటినుంచీ ఈ అంగడిలోనే ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మునిచంద్ర దాన్ని పాత తుపాకుల వ్యాపారి ధనంజయకు అమ్ముతానని మాటిచ్చాడు. మామిడితోట చూసుకునే రూపశ్రీకి మాత్రం అది తన పేరు మీదికి రావాలి. అడవిపందులు లేతమొక్కల వేర్లు తవ్విపోస్తున్నాయి. అమ్మాలన్నా, ఉంచుకోవాలన్నా రెండో వారసుడి సంతకం కావాలి. ఒకరి కాగితం మీద ఒకరు పెట్టడం లేదు.

ధనంజయ ముందే వచ్చి కూర్చున్నాడు. అది అరవైల్లో ఇక్కడెక్కడో చేసిన నకలనీ, ఇంత సన్న గొట్టం బోరుకు తూటాలు కూడా దొరకవనీ, జాలిపడి తీసుకుంటున్నాననీ చెప్పాడు.

"అదేందో తెలీకుండా నేను సంతకం పెట్టను," అంది రూపశ్రీ. "నువ్వు సూడక్కా."

ప్రసన్నకుమారి గొట్టాల కింది చెక్క ఊడదీసి, గొట్టాల అడుగున మురికిని కిరసనాయిలుతో తుడిచింది. కిరీటం ముద్రలు, పక్కన 28 అంకె తేలాయి. ఆ తీరు ముద్రలు ఇంగ్లండులో 1925కు ముందు కొట్టినవని చెప్పింది. గొట్టాలు ఎవరూ కోసి పొట్టి చేయలేదు. చెక్క మీద, ఇనుము మీద నంబరు ఒకటే. భుజానికి ఆనించే బట్ ఒకసారి పగిలితే అతికించారు, దానికి కొంత విలువ తగ్గుతుంది. పన్నెండు బోరువి ఎన్నో చూసింది గానీ, ఇరవై ఎనిమిది బోరుది ఇంత చెడకుండా తన చేతికి రావడం ఇది రెండోసారి.

ముద్రలు ఎవడైనా కొట్టుకోవచ్చన్నాడు ధనంజయ.

ప్రసన్నకుమారి తుపాకీని నడుమ మడిచి వాకిలి వెలుతురుకు ఎత్తింది. ఏ జంట తుపాకీకైనా కుడి గొట్టంలో అది మొదట పేలిన దినం, ఎడమ గొట్టంలో ఆ గొట్టం చివరగా పేలిన దినం కనబడతాయి. కుడిదాంట్లో మంచు పడుతోంది. ఇటుక గోడ ముందు టోపీ పెట్టుకున్న ముసలాయన వేళ్లు రుద్దుకుంటున్నాడు. వెనక గుర్రబ్బండి. ధనంజయ కూడా చూసి, సరే ఇంగ్లండుదే అని ఒప్పుకుని, తన ధరను ఆరింతలు చేశాడు.

ఎడమ గొట్టం రూపశ్రీ చూసింది. ఆ రోజు తుపాకీ కాల్చి శుభ్రం చేసుకుని, అవతలి కొస నుంచి పరీక్షగా చూస్తున్న నాయన కన్ను. కనుబొమ్మ మీద కాలిన మచ్చ. ఆమె తుపాకీని అన్న చేతికిచ్చింది.

నాయన పోయేనాటికి మునిచంద్ర బెంగళూరు నుంచి చేరుకోలేకపోయాడు. ఇప్పుడు ప్రసన్నకుమారి తెప్పించిన టీ చల్లారిపోయేదాకా గొట్టంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"నన్నే సూస్తా ఉండాడు," అన్నాడు. తర్వాత కూర్చుని చెల్లెలి కాగితం మీద సంతకం పెట్టాడు. ధనంజయ ధర మళ్లీ పెంచాడు. రూపశ్రీ కాగితం మడిచి పెట్టుకుంది.

వెళ్లేటప్పుడు ప్రసన్నకుమారి రూపశ్రీని ఆపింది. "ఎడమది కాలిస్తే నాయన పోతాడు మే. కుడిది ఒక్కటే వాడుకో."

రూపశ్రీ తుపాకీ శిక్షణకు పోయింది, కలెక్టరాఫీసుకు పదకొండుసార్లు తిరిగింది. మామిడి కోతకు ముందే లైసెన్సు, తుపాకీ ఇంటికి తెచ్చుకుంది. వారంపాటు తెల్లవారుజామున కుడి గొట్టమే ఆకాశంలోకి పేల్చింది. పందులు ఒక్క చప్పుడుకు అలవాటుపడ్డాయి. నాలుగడుగులు వెనక్కి పోయి, ఆమె మళ్లీ తూటా వేసుకునేలోపే తిరిగొచ్చేవి.

మునిచంద్ర ఊళ్లో ఉన్న రోజు అవి కొత్త మొక్కల వరసలోకే దిగాయి. ఆమె రెండు తూటాలూ పెట్టింది.

"ఆలోసించుకో," అన్నాడతను.

"నాయన కాల్చింది తోట కోసమే గదన్నా."

రెండూ ఒకదాని వెంట ఒకటి పేల్చింది. పందులు తోట పక్క నీళ్ల వంక దాటిపోయాయి, మళ్లీ రాలేదు.

రూపశ్రీ తుపాకీ మడిచింది గానీ చూడలేకపోయింది. అన్నకు అందించింది. అతను పొద్దుకు ఎదురుగా ఎత్తి ఎడమ గొట్టంలోకి చూశాడు.

"ఎవురుండారు?"

"నువ్వు," అన్నాడు మునిచంద్ర. "పక్కన నేను."