మైకక్క అన్న మాట

పొద్దున్నే బస్టాండులో డ్యూటీ ఎక్కగానే మైకక్క మైకు మీది స్పాంజి తొడుగు తీసి దులుపుతుంది. తర్వాత కిటికీ అద్దం పక్కకి జరిపి ప్లాట్‌ఫారం చివరిదాకా చూస్తుంది. బస్సు కళ్ళబడితే ‘వస్తోంది’ అంటుంది. కళ్ళబడకపోతే వెనక స్టాపుకి ఫోన్ చేసి, బయల్దేరిందని తెలిశాకే మైకు నొక్కుతుంది. మిగతా అనౌన్సర్లు పత్తా లేని బస్సుని కూడా ‘మరికొద్దిసేపట్లో’ అంటూ ఊరించేవాళ్ళు. ఈమె మాత్రం ‘ఎప్పుడొస్తుందో మాకూ తెలియదు, కూర్చోండి’ అనేది. జనం మొదట్లో తిట్టుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

ఈ పట్టుదల ఆమెకి యోగా క్లాసులో అంటుకుంది. నడుం నొప్పి తగ్గుతుందని చేరితే, అక్కడి మేష్టారు ఆసనాల కంటే ముందు నిజం చెప్పడం నేర్పాడు.

“సత్యం అంటే ఎక్కడో కూర్చుని కళ్ళు మూసుకుని చేసేది కాదమ్మా. ఇంట్లోంచి కదలకుండానే ఫోనెత్తి ‘దార్లో ఉన్నా’ అంటారే, చెయ్యాల్సింది అప్పుడు,” అన్నాడాయన.

మిగతావాళ్ళు నవ్వేసి ఊరుకున్నారు. ఈమె పట్టుకుంది. పక్కింటావిడ కొత్తగా జుట్టు కత్తిరించుకుని ఎలా ఉందని అడిగితే ‘ముందరిదే బాగుంది’ అంది. ఆవిడ చాన్నాళ్ళు మొహం చాటేసింది. బాగా లేని రోజున ‘బాగానే ఉన్నా’ అనడం కూడా మానేసింది. అన్నిటికన్నా అదే కష్టమైంది.

అలా ఏళ్ళు గడిచాక మాట పండడం మొదలుపెట్టింది. ఆమె ‘వస్తోంది’ అన్నాక దారిలో టైరు పేలినా సరే, బస్సు వేళకి వచ్చి నిలబడేది. ‘సీట్లున్నాయి’ అంటే కిక్కిరిసిన బస్సులో కూడా ఎక్కడో చోటు తేలేది. బస్టాండులో ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. రద్దీ ఎక్కువున్న రోజున మేనేజరు ఆమెకే డ్యూటీ వేసేవాడు, అంతే. డ్రైవర్లు కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు.

“మైకక్కా, నా బండి బ్రేకులు బాగున్నాయని ఓ మాట అనవూ?”

“చూడకుండా ఎలా అంటాను?”

కిందికి దిగి, మెకానిక్‌ని పిలిచి, బ్రేకులు తొక్కించి చూశాకే అనేది. మెకానిక్‌తో పరిచయం అలాగే పెరిగింది. అతను మాటలు తక్కువ మనిషి. ఆమె ఇచ్చే టీ గ్లాసు అందుకునే ముందు గోళ్ళ సందుల్లో గ్రీజు పోయేదాకా చేతులు రుద్దుకునేవాడు.

“నిన్నో మాట అడగాలంటే భయం,” అన్నాడొకసారి.

“ఎందుకు?”

“నువ్వు కాదన్నావంటే ఇక జన్మలో కాదుగా.”

“ఇంకా అడగనే లేదుగా!” అని ఆమె నవ్వింది.

అడిగేలోపే అతన్ని కొండల్లో ఉన్న డిపోకి బదిలీ చేశారు. అక్కడ ఫోన్లు కూడా అందవు, చలికాలమంతా మంచుకి దారి మూసేస్తారు. “చలి తగ్గి దారి తెరవగానే వస్తాను. వచ్చి అడుగుతాను,” అన్నాడు. అతను వెళ్ళాక ‘వస్తాడు’ అని ఒక్కసారి పైకి అనుకోవాలని ఆమెకి ఎంతో అనిపించింది. తెలియని సంగతి ఎలా అంటుంది? నోరు కట్టేసుకుంది.

ఈ విషయం ఆమె చెప్పుకుంది చెల్లెలికి ఒక్కదానికే. అమ్మా నాన్నా పోయాక ఆ పిల్లని జడలు వేసి, అన్నం పెట్టి, చదివించి పెంచింది తనే. చెల్లెలు ఇప్పుడు ఫోటో స్టూడియోలో పని చేస్తోంది, ఫోటోల్లో మొహాల మీది మచ్చలు చెరిపేసే పని.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వడగళ్ళు పడ్డాయి. అక్కచెల్లెళ్ళు ఆరేసిన బట్టలు లోపలికి లాక్కొచ్చి మడతలు పెడుతున్నారు.

“అక్కా, ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఆయన పెళ్ళి చేసేసుకున్నాడట. వర్క్‌షాపు వాళ్ళు స్టూడియోకి వచ్చి చెప్పారు. నీ ఎదట పడి చెప్పడానికి వాళ్ళకి మొహం చెల్లలేదట.”

మైకక్క చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. “నిజమా?”

“నీతో అబద్ధమాడతానా?”

అలా అడిగినందుకు మైకక్కే సిగ్గుపడింది. తను అబద్ధం మానేశాక, తన ఇంట్లో అబద్ధం ఉండగలదన్న ఊహే ఆమెకి రాకుండా పోయింది.

చెల్లెలు దగ్గరికి జరిగి వీపు నిమిరింది. “లోపల పెట్టుకుని కుమిలిపోకక్కా. ఒక్కసారి పైకి అనెయ్యి. తేలికవుతుంది.”

“ఆయనకి పెళ్ళయిపోయింది,” అంది మైకక్క.

చెల్లెలు ఊపిరి వదిలి దుప్పటి రెండో కొస పట్టుకుంది.

చలి వెళ్ళింది. దారి తెరిచారు. ఒక మధ్యాహ్నం మెకానిక్ వచ్చి ఎంక్వయిరీ కిటికీ ముందు నిలబడ్డాడు. అతని వెనక, టీ కొట్టు బల్ల మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది.

“పెళ్ళయిందటగా,” అంది మైకక్క.

“నీకెవరు చెప్పారు?”

“మా చెల్లెలు. వడగళ్ళు పడిన సాయంత్రం, పడుతుండగానే చెప్పింది.”

“ఆ సాయంత్రం కొండల్లోనూ వడగళ్ళు పడ్డాయి. పడుతున్నప్పుడు నాకు పెళ్ళి కాలేదు. మావాడొకడు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంటుంటే సాక్షిగా వెళ్ళాను. ఆఫీసు మూసే వేళయినా వాడు రాలేదు. ఆ అమ్మాయి గుమ్మం వైపే చూస్తోంది. వడగళ్ళు ఆగుతుండగా రిజిస్ట్రారు తలెత్తి పెళ్ళికొడుకు ఎవరని అడిగాడు. నా నోట్లోంచి ‘నేనే’ అని వచ్చింది.” కిటికీ గట్టు మీద చెయ్యి పెట్టాడు. “ఆ సాయంత్రం నువ్వేమైనా అన్నావా?”

“అన్నాను.”

“అనుకున్నాను,” అన్నాడు. వెనక బల్ల వైపు చూసి, “మంచి మనిషి. తన తప్పేమీ లేదు,” అన్నాడు.

మైకక్క అటు చూసింది. బల్ల మీదామె తన టీ సగం తాగి, మిగతా సగం అతని కోసం మూత పెట్టి ఉంచింది. ఎదురుగా కనిపిస్తున్నదాన్ని కాదని ఎలా అనగలదు? “వెళ్ళు, టీ చల్లారిపోతుంది,” అంది.

ఇంటికి వెళ్ళేసరికి చెల్లెలు గిన్నెలు కడుగుతోంది.

“ఆయన పెళ్ళి సంగతి నీకెవరు చెప్పారు?”

“వర్క్‌షాపు వాళ్ళు...” అని మొదలెట్టి, అక్క మొహం చూసి ఆగిపోయింది. “ఎవరూ చెప్పలేదు.”

“మరి?”

“నువ్వెళ్ళిపోతే నాకెవరున్నారక్కా? ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఎలా ఉండను?”

“ఉండిపొమ్మని నన్ను అడగొచ్చుగా.”

“అడిగితే నువ్వు నిజం చెబుతావు. ఉండలేనంటావు.”

కుళాయి కారుతూనే ఉంది. ఎవరూ కట్టలేదు.

“నా చేతే అనిపించావు. అంటే అయిపోతుందని తెలిసే అనిపించావా?”

“తెలిసే,” అంది చెల్లెలు.

మైకక్క పీట మీద కూలబడింది. పరాయివాళ్ళు మోసం చేస్తే తిట్టి ఊరుకునేది. ఇన్నేళ్ళు కంటికి రెప్పలా కాచుకున్న నోటితోనే తన బతుకు కూల్చుకునేలా చేసింది, తన చేత్తో ముద్దలు తిన్న పిల్ల.

చెల్లెలు వచ్చి మోకాళ్ళు పట్టుకుంది. “క్షమించానని అనక్కా. నువ్వంటే అయిపోతుందిగా. నీ కోపం కూడా పోతుంది.”

“మనసులో లేని మాట నేననను,” అంది మైకక్క. మోకాళ్ళ మీంచి ఆ చేతులు తీసేసింది. “ఇంకెప్పుడూ నీ మాట నమ్మను.”

శపించాలని అనలేదు. ఆ క్షణాన మనసులో ఉన్నది అదే. కానీ అన్నది ఆ నోరు.

మర్నాటి నుంచీ చెల్లెలు ‘పాలు పొంగుతున్నాయి’ అంటే మైకక్క కూర్చున్న చోటునుంచి లేచేది కాదు, మాడు వాసన వచ్చేదాకా. ‘వాన మొదలైంది’ అంటే చెయ్యి బయటపెట్టి చూసుకునేది. చెల్లెలు ఎంత చిన్న అబద్ధమైనా ఆడడం మానేసింది. అయినా లాభం లేకపోయింది. ఏదైనా చెప్పాలంటే పక్కింటావిడని బతిమాలి పంపేది. ఆవిడ వచ్చి “మీ చెల్లి కూర వండింది, తినాలట,” అని చెప్పి వెళ్ళేది. ‘నేనెక్కడికీ వెళ్ళనక్కా’ అని చెల్లెలు ఎన్నిసార్లు అన్నా, మైకక్క ఒక్క మనిషికి సరిపడానే వండుకునేది. ఒకే ఇంట్లో ఇద్దరూ ఎవరికి వాళ్ళుగా బతికారు.

వానల్లో చెల్లెలికి జ్వరం వచ్చింది. “ఒళ్ళు కాలిపోతోందక్కా,” అని మూలిగింది. మైకక్క నుదుటి మీద చెయ్యి వేసి చూసి, అప్పుడు కదిలింది. సెలవు పెట్టింది. తడిగుడ్డ మార్చి మార్చి వేసింది. డాక్టరు వచ్చి మందు వేసి వెళ్ళాక, పక్కన కూర్చుని “తగ్గిపోతుంది,” అంది. సాయంత్రానికి చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది.

చెల్లెలు కళ్ళు తెరిచి అక్క చెయ్యి పట్టుకుంది. “నువ్వంటే నాకు ప్రాణం అక్కా.”

చెల్లెలు పుట్టి బుద్ధెరిగాక అంతకంటే నిజమైన మాట అనలేదు.

మైకక్క ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మాలనే చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి విడిపించుకుని, దుప్పటి మెడ దాకా కప్పి, పాలు వెచ్చబెట్టడానికి లోపలికి వెళ్ళింది.