నాలోంచి పోయిన చిరునామా

నేను ఒక ఆఫీసు కంప్యూటర్‌ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో నా వెనక అంటించిన చీటీకే తెలుసు. ఒక కంపెనీలో ఆరేళ్లు పనిచేశాక, ముసలిదాన్నయ్యానని ఖమ్మంలోని 'తోడునీడ' మహిళా సహాయ కేంద్రానికి దానమిచ్చేశారు. మనుషులు పనికిరానిది దానం చేసినా ఫొటో మాత్రం దిగుతారు.

అక్కడ నాతో పనిచేసింది వసుంధర. కొట్టే మొగుళ్ల నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ల గోడు వింటూ టైప్ చేసేది. వాళ్లను ఎక్కడ దాచిందీ నాలోనే రాసుకునేది. గూఢచారి ప్రోగ్రాములు చొరబడకుండా నాకున్న కాపలాకు గడువు తీరిపోయింది. కొత్తది కొనమని ఆమె కార్యదర్శి రాఘవరావుకు రెండుసార్లు రాసింది. "ఆడోళ్ల ఏడుపులు దొంగతనం చేసేటోడు ఎవడమ్మా?" అని ఆయన నవ్వేశాడు.

ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషొకడు వచ్చాడు. "అక్కా, మా చెల్లెను మొగుడు సంపుతుండు. అర్జీ దీంట్ల ఉంది, జర ప్రింట్ తీసియ్యవా?" అని పెన్ డ్రైవ్ అందించాడు. బయటివాళ్లవి నాకు పెట్టకూడదని వసుంధరకు తెలుసు. అతని కళ్లలో నీళ్లు చూసి పెట్టేసింది. అర్జీతో పాటు ఇంకేదో నాలోకి దిగింది. ఆ రోజు నుంచి ఆమె కొట్టిన ప్రతి అక్షరమూ నాలోంచే అతనికి చేరింది. అరవడానికి నాకు నోరు లేదు.

అతని పేరు ఈశ్వర్. మొబైల్ షాపు నడుపుతాడు. అతని భార్య స్వరూప అంతకు నెల కిందటే మా దగ్గరికి పారిపోయి వచ్చింది. పెన్ డ్రైవ్ పెట్టిన తొమ్మిదో రోజున వసుంధర ఆమె కొత్త చిరునామా టైప్ చేసింది: కొత్తగూడెంలో మణెమ్మ అనే ఆవిడ నడిపే కుట్టు శిక్షణ ఇల్లు. మర్నాడు పొద్దున్నే ఈశ్వర్ కత్తి పట్టుకుని ఆ గుమ్మం ఎక్కాడు. స్వరూప బతికింది. అడ్డుపడిన మణెమ్మ బతకలేదు.

"నా భార్యే ఫోన్ చేసి రమ్మంది, మాటా మాటా పెరిగింది" అని అతను పోలీసులకు చెప్పాడు. పేపర్లో అతని ఫొటో చూసిన వసుంధర, పెన్ డ్రైవ్ తెచ్చింది వాడేనని గుర్తుపట్టి రాఘవరావు దగ్గరికి పరుగెత్తింది. సంగతంతా విన్న రాఘవరావు తలుపు మూశాడు.

"దీన్ని మొత్తం తుడిపించెయ్. ఎవరికీ తెల్వదు. లేకుంటే కేంద్రం మూతపడ్తది, నీ కొలువూ పోతది."

"తుడిపిస్తే వాడు చెప్పిందే నిజమైతది సార్" అంది వసుంధర. వైర్లు పీకి, నన్ను గుండెలకు హత్తుకుని ఆటోలో పోలీస్ స్టేషన్‌కు తెచ్చింది. "పెన్ డ్రైవ్ నా చేత్తోనే పెట్టిన. రాసుకోండి" అని చెప్పింది.

నిపుణులు నన్ను విప్పి అతని జాడ పట్టుకున్నారు. ముందే పథకం వేశాడని తేలి యావజ్జీవ శిక్ష పడింది. అప్పటికే వసుంధర ఉద్యోగం పోయింది. తీర్పు రోజు ఆమె మణెమ్మ భర్తకు చేతులు జోడించింది. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను కోర్టు సామాన్ల గదిలో, లక్క ముద్ర వేసిన గుడ్డ మూటలో ఉన్నాను. చిరునామా చేరవేసింది నేనే అయినా, యంత్రాన్ని కనుక నన్నెవరూ తప్పుపట్టలేదు. వసుంధరకు ఆ వెసులుబాటు లేదు.