నిప్పు వరస

జేసీబీ పళ్ళకు నీలం నైలాన్ దారం చిక్కుకుని వేలాడుతోంది. ఆ దారాన్ని పట్టుకుని కుళ్ళిన గోనె పీలిక ఒకటి. మిగిలిందంతా నల్లమట్టి, ఆ మట్టిలో తెల్లగా ఎముకలు. సోమవారం పొద్దున పది గంటలు. పట్టపగలు, పోలీసుల కాపలాలో, కోవిల్‌పట్టి అంచున మా వాళ్ళను పూడ్చిన కాడును తవ్వుతున్నారు.

పేచ్చియమ్మాళ్ ఆ దారాన్ని గుర్తుపట్టింది. నాలుగేళ్ళ కిందట కూతురు ఇసక్కిసెల్విని చుట్టిన గోనెను ఆ దారంతో కుట్టింది ఆమే.

"నా బిడ్డరా అది! దించరా!" అంటూ జేసీబీ తొట్టి కిందికి పరుగెత్తింది. ఒక కానిస్టేబుల్ లాఠీ అడ్డంపెట్టి గుండెల మీద తోశాడు. వెల్లకిలా పడింది. లేచింది. మళ్ళీ తోశాడు. ఈసారి పడినచోట రాయి ఉంది. తల పగిలి నెత్తురు కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోకుండా ఆ తొట్టినే చూస్తూ కూర్చుంది. జేసీబీ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. మధ్యాహ్నానికి ముప్ఫై ఒక్క గుంతలు తెరిచారు. ఎముకలన్నిటినీ సిమెంటు సంచుల్లో కూరి, ఎవరివి ఎవరివో తెలియకుండా కలిపేసి, ట్రాక్టరులో ఎక్కించుకుపోయారు.

నా పేరు గాంధిమతి. విరుదునగర్‌లో యూనియన్ ఆఫీసులో పనిచేస్తాను. పుట్టింది మాత్రం ఇక్కడే, తీపెట్టి కాలనీలో, అంటే అగ్గిపెట్టెల కాలనీలో. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో పుల్లలు పేర్చే ఆడవాళ్ళు, తాయిల్పట్టి దిక్కున పటాసుల షెడ్లకు బస్సెక్కి పోయే పిల్లలు, వాళ్ళ కాలనీ ఇది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కొందరు గుడికి పోతారు, కొందరు చర్చికి పోతారు. అందరికీ కలిపి ఒకే ఒక కట్టుబాటు ఉంది. నిప్పులో పోయినవాళ్ళను మళ్ళీ నిప్పులో పెట్టరు. తడిపిన గోనెలో చుట్టి, కుట్టి, కాడుకు తూర్పువైపున ఒకే వరసలో పూడుస్తారు. దాని పేరు నిప్పు వరస.

తడిగోనె ఎందుకంటారా? ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చే చట్రం పక్కనే ఎప్పుడూ ఒక తడిగోనె ఉంటుంది. మందు అంటుకుంటే తలుపు వైపు పరుగెత్తకూడదు, ఆ గోనె తీసుకుని పొగ మీదికే ఉరకాలి. పనిలో చేరిన మొదటిరోజు నేర్పే పాఠం అదొక్కటే. పటాసుల షెడ్డులో సెల్వికి ఆ గోనె బతికుండగా అందలేదు.

ఇప్పుడు ఊరు పెరుగుతోందట. పేపర్లో చదివే ఉంటారు. కడంబూరు వైపు కొత్త లేఅవుట్లు, కొత్త బస్టాండు, వాటిని కలిపే వలయ రోడ్డు. ఆ రోడ్డు పెద్దవాళ్ళ తోటల దగ్గరికి వచ్చి బుద్ధిగా వంపు తిరిగింది. మా నిప్పు వరస మీదికి వచ్చేసరికి దానికి వంగడం చేతకాలేదు!

రోడ్డు కాంట్రాక్టరు పెరుమాళ్సామి. మా ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీ యజమానీ ఆయనే. చుట్టుపక్కల నల్లరేగడి నేలంతా ఆయన వంశానిది. ఇంట్లో ఆయనదీ తెలుగే. మంగళవారం ఫ్యాక్టరీలో చట్రాల మధ్య నిలబడి నవ్వుతూ మాట్లాడాడు.

"ఏమిటికి ఏడుస్తుండారు? మనందరిదీ ఒకే బాస. మీకు నేను చెరుపు చేస్తానా? శుక్రవారం పీనుగల్ని కాల్చే కొత్త గ్యాసు సుడుగాడు తెరుస్తుండారు. పెద్దోళ్ళంతా వస్తుండారు. మిషను నడిపి చూడాల గదా? అందులో మొట్టమొదట మీవోళ్ళనే పెడతాం. మేళం ఉండాది, పూలమాల ఉండాది. ఇంత మర్యాద మీకు ఎప్పుడు దొరికింది?"

మూడు వందల మంది ఆడవాళ్ళ చేతులు పుల్లల మీద ఆగిపోయాయి. అప్పుడు అముద లేచింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. అమ్మా నాన్నా లేరు. సెల్వి స్నేహితురాలు, సెల్వి పోయాక పేచ్చియమ్మాళ్ ఇంట్లోనే ఉంటోంది.

"మర్యాదంటే మొదట మీ నాయన్ని పెట్టండి, మొదలాళీ. ఆయన సమాది తోటలోనే ఉండాది గదా."

పెరుమాళ్సామి నవ్వు ఆరిపోయింది. అముద ముందున్న చట్రాన్ని కాలితో ఎగదన్నాడు. ఇనుప అంచు ఆమె నోటికి తగిలి రెండు పళ్ళు ఊడిపడ్డాయి. "ఈ కొవ్వు ఎక్కడినుంచి వచ్చింది మీకు? బయటికి లాగండి దీన్ని!" అని అరిచాడు. ఒకే బాస అన్నవాడి బాస అంతదాకే!

బుధవారం సాయంత్రం కాలనీ నీళ్ళ ట్యాంకు కింద అందరూ కూడారు. యూనియన్ నాయకుడు ముత్తుపాండి మంచివాడే గాని కాగితాన్ని ఎక్కువ నమ్ముతాడు.

"కలెక్టరుకు అర్జీ పెట్టుండాం. సోమారం విచారిస్తామన్నారు. అంతదాకా ఎవరూ చెయ్యి ఎత్తొద్దు. చెయ్యి ఎత్తితే వాళ్ళకే అనుకూలం."

"సోమారం నాటికి బూడిద చేతికి ఇస్తారయ్యా!" పేచ్చియమ్మాళ్ తలకట్టు మీద నెత్తురు ఎండి నల్లబడింది. "దాన్ని పెట్టుకోని ఏం చేసేది? నా బిడ్డ ఒక్కతూరి కాలింది. రెండోతూరి కాలనియ్యను."

"కొడతారు అక్కా. తుపాకితో సుడతారు."

"సుట్టుకోనీ. పటాసులు సుడితే సచ్చేది మనమే, వాళ్ళు సుడితే సచ్చేదీ మనమే. ఇందులో కొత్త ఏముండాది?"

గొంతులు లేచాయి. వెనక నుంచి మగవాళ్ళు పని పోతుందన్నారు. ఆడవాళ్ళు వాళ్ళను తిట్టారు. మీ అమ్మను ఆ మిషన్లో పెడితే ఊరుకుంటావా అని ఒకామె మొగుణ్ణి కాలరు పట్టుకుని అడిగింది. ఆ గోలలో అముద వాచిన మూతితో ముందుకొచ్చి నిలబడింది.

"ఒకటి చెప్పాల. ఇన్నేళ్ళూ చెప్పలే. ఆ దినం షెడ్డులో సెల్వి నా పక్కన్నే ఉండె. మందు అంటుకున్నెప్పుడు తడిసాక్కు నా కాలికాడ ఉండె. నేను ఎత్తలే. వాకిలికి పరిగెత్తినా. అది నన్ను పేరుపెట్టి పిలిచె. తిరిగి సూడలే."

పేచ్చియమ్మాళ్ లేచి ఆ పిల్ల దగ్గరికి పోయింది. కొడుతుందనుకున్నాను. కొట్టింది కూడా, చెంప మీద ఒక్కటి. తర్వాత అదే చేత్తో ఆమె తల పట్టుకుంది.

"నాలుగేళ్ళు నా చేతి బువ్వ తిన్నావే. ఇప్పుడా చెప్పేది?" అముద మూతిని కొంగుతో తుడిచింది. "సరి. శుక్రవారం నా పక్కన్నే నడు. మనోళ్ళను మళ్ళీ చుట్టి తెచ్చుకోవాల. ఒక్కొక్కరు ఒక్కొక్క సాక్కు తడుపుకోని రండి."

ముత్తుపాండి తల వంచుకున్నాడు. వద్దు అనలేదు. వస్తానని కూడా అనలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకు బయలుదేరాం. మా ఫ్యాక్టరీ వాళ్ళే కాదు, ఇంకో ఆరు ఫ్యాక్టరీల ఆడవాళ్ళు వచ్చారు. ఎనిమిది వందల మంది. చేతుల్లో కర్రలు లేవు, రాళ్ళు లేవు. భుజాల మీద తడిగోనెలు, వాటినుంచి కారే నీళ్ళు. కొత్త రోడ్డు కంకర మీద ఆ నీటి జాడ మా వెంట వచ్చింది.

కొత్త సుడుగాడుకు పెయింటు వాసన ఇంకా పోలేదు. పందిరి, అరటిచెట్లు, మేళం. వాకిట్లో బారికేడ్లు, వాటి వెనక నూరుమంది పోలీసులు. పక్కనున్న రేకుల షెడ్డులో మా వాళ్ళు, సిమెంటు సంచుల్లో.

"మా ఎముకలు మాకియ్యండి. తీసుకోని పోతాం," అని పేచ్చియమ్మాళ్ తమిళంలో అడిగింది. రెండుసార్లు అడిగింది.

ఇన్‌స్పెక్టరు చేతిగడియారం చూసుకున్నాడు. పెద్దవాళ్ళు వచ్చే వేళ. చెయ్యి ఊపాడు.

లాఠీలు పడ్డాయి. తలల మీద, మోచేతుల మీద, పడిపోయినవాళ్ళ వీపుల మీద. నా పక్కనున్న కాళియమ్మాళ్ అరవై ఏళ్ళ మనిషి, మోకాలిచిప్ప పగిలి అక్కడే కూలిపోయింది. మేళం వాళ్ళు డోళ్ళు వదిలేసి పారిపోయారు. మాలోనూ వెనకవాళ్ళు విరగడం మొదలుపెట్టారు. ఇంకో రెండు నిమిషాలైతే అంతా చెదిరిపోయేది. సరిగ్గా అప్పుడు పోలీసులు బాష్పవాయువు పేల్చారు.

ఇక్కడే వాళ్ళ లెక్క తప్పింది. పొగ చూస్తే ఏ ఊళ్ళోనైనా జనం పారిపోతారు. మా ఆడవాళ్ళకు అది ఎవరూ నేర్పలేదు. టప్‌మని ఒక చప్పుడు, బుస్సుమని తెల్లటి పొగ. చట్రం అంటుకుందనే అనుకున్నారు. "నిప్పూ!" అని ఒక గొంతు అరిచింది. అముద గొంతు. ఆ పిల్ల అందరికంటే ముందు పొగలోకి ఉరికింది, పొగ చిమ్మే గుండు మీద గోనె విసిరి దాని మీద మోకాళ్ళతో కూర్చుంది. ఆ వెనకే వందమంది. పారిపోతున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగి ఉరికారు. పడిన ప్రతి గుండు మీదా నాలుగు గోనెలు. చేతులు కాలుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి, ఎవరూ వదల్లేదు. పొగ ఆరిపోయింది.

పొగ పోయాక చూస్తే బారికేడ్లు మా వెనక ఉన్నాయి! ఎప్పుడు దాటామో మాకే తెలియదు. ఎదురుగా పోలీసులు డాళ్ళు పట్టుకుని వెనక్కి నడుస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఖాకీ బట్టల కళ్ళలో భయం చూశాను. చూడ్డానికి చాలా బాగుంది, ఎందుకు దాచాలి?

షెడ్డు తలుపు రెండు తోపులకు ఊడింది. సంచి తర్వాత సంచి చేతులు మారుతూ బయటికొచ్చింది. ఆఖరి సంచిని అముద గుండెలకు హత్తుకుని వాకిలి దాటుతుండగా తుపాకులు పేలాయి. హెచ్చరిక లేదు, గాల్లోకి కాల్చడం లేదు. ముగ్గురికి గాయాలు. అముదకు గుండు వీపులో నుంచి దూరింది. ముందుకు పడింది. సంచి మాత్రం వదల్లేదు.

ఊళ్ళో ఆసుపత్రి అయితే జనం పోగవుతారని అంబులెన్సును విరుదునగర్‌కు తోలారు. తోడుగా నేనెక్కాను. దారిలో ఒక్కసారి కళ్ళు తెరిచింది.

"గాందీ... ముందు నేనే వేస్తిని గదా?"

"నువ్వేనే. అందరూ చూసినారు."

సాత్తూరు దాటకముందే పోయింది.

విరుదునగర్‌లో పోస్టుమార్టం కాగానే ఒక పోలీసు అధికారి కాగితం పట్టుకొచ్చాడు. సొంతవాళ్ళు ఎవరూ లేరు గనుక ఇక్కడి సుడుగాడులోనే తాము దహనం చేసేస్తామన్నాడు. నేనున్నానని అన్నాను. నువ్వు రక్తసంబంధమా అన్నాడు. ఆమె మీద కాల్చినవాడికి ఏ సంబంధం ఉందని అడిగాను. నన్ను జుట్టు పట్టి ఈడ్చి మార్చురీ గోడకు కొట్టారు.

అయినా యూనియన్ ఆఫీసుకు ఫోను చెయ్యడానికి ఒక చెయ్యి చాలు. గంటలో మార్కెట్టులో పప్పుమూటలు మోసే హమాలీలు మూటలు ఎక్కడివక్కడ పడేసి వచ్చారు, తలపాగాలతో, చెమటతో. కోవిల్‌పట్టి నుంచి లారీలో ఒక్కడే ముందొచ్చాడు, ముత్తుపాండి. వచ్చీ రాగానే అముదను ఎక్కించిన పోలీసు వ్యాను చక్రాల ముందు పడుకున్నాడు.

"అర్జీలు పెట్టినవాణ్ణి నేను. ముందు నన్ను తొక్కు, తర్వాత ఆ పిల్లను ఎత్తుకోని పో."

అతని చెయ్యి విరిచారు. అతను లేవలేదు. హమాలీలు వ్యాను తలుపు విప్పి, నూరు కిలోల మూటలు మోసే భుజాల మీద ఆ చిన్న పిల్లను ఎత్తుకున్నారు. మళ్ళీ లాఠీలు లేచాయి, తలలు పగిలాయి, కింద పడినవాడి చోట ఇంకొకడు భుజం పెట్టాడు. అముద నేల తాకలేదు.

శనివారం పొద్దున నిప్పు వరసలో తెరిచిన గుంతలు అలాగే ఉన్నాయి. ఎముకలను మళ్ళీ గోనెల్లో చుట్టారు. ఎవరివి ఎవరివో తెలియదు గనుక అందరూ అందరికీ ఏడ్చారు. ముప్ఫై ఒక్క గుంతలు పూడాక గుంతలు తవ్వే ముసలి మాడన్ పార పట్టుకుని ముప్ఫై రెండోది కొలిచాడు. కొత్త రోడ్డుకు సరిగ్గా నడిమధ్యన.

ఒక పెద్దాయన సందేహపడ్డాడు. "మాడా, ఈ పిల్ల తుపాకితో గదా పోయింది. నిప్పు వరసలో ఎట్ట పెడతావు?"

మాడన్ పార ఆపలేదు. "గుండును తోసేది ఏంది? మందే గదా. మన ఆడోళ్ళు దినమూ పీల్చే మందే. దాంతో పోతే నిప్పులో పోయినట్టు కాదా?"

పేచ్చియమ్మాళ్ గోనె తడిపి, నీలం దారం సూదికి ఎక్కించి, రెండో కూతుర్ని తన చేత్తోనే కుట్టింది.

ఆదివారం పోలీసులు కాలనీకి వచ్చారు. అరెస్టు జాబితా రాసుకుంటూ ఇంటింటికీ తిరిగారు. బాష్పవాయువు మీద మొదట గోనె వేసింది ఎవరని అడిగారు. దెబ్బలు తిన్నా ఎవరూ చెప్పలేదు. పేచ్చియమ్మాళ్‌ను జీపు ఎక్కిస్తూ ఇన్‌స్పెక్టరు మళ్ళీ అదే అడిగాడు. ఆమె రోడ్డు వైపు చెయ్యి చూపింది.

"ముందు వేసిన పిల్ల అక్కడుండాది. మీ రోడ్డుకు నడుమ. పోయి అడుగు."

సోమవారం పొద్దున ఫ్యాక్టరీల సైరన్లు మామూలుగానే మోగాయి. కోవిల్‌పట్టిలో ఏ చట్రంలోనూ ఒక్క పుల్ల పడలేదు. ఆడవాళ్ళంతా గోనెలు తడుపుకుని పోలీస్ స్టేషన్ వైపు నడుస్తున్నారు.