రెండు పూటల బడి

బుల్డోజర్ అప్పటికే బడి ముందుకొచ్చి ఆగింది. బడంటే ఒకే గది. తూర్పున తలుపు, పడమట కిటికీ. అది కూలితే అక్కడ గోడౌన్ లేస్తుంది.

దాన్ని ఆపాలని కుట్టుమిషను పక్కన పెట్టి మరీ అక్క ఏడాదిగా ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. అదసలు బడే కాదు, మొదటినుంచీ కొట్టుగదే అని కాంట్రాక్టరు వాదన. బడి ఎప్పుడో మూతపడింది, కాగితాలేవీ మిగల్లేదు. చివరికి పాత కట్టడాలు చూసే అధికారి ఒక దారి చెప్పాడు. అక్కడ చదువుకున్న ఇద్దరు విడివిడిగా ఆ గది ఎలా ఉండేదో చెప్పాలి. మాటలు కలిస్తే గది నిలుస్తుంది.

అలాంటివాళ్లు ఊళ్లో మిగిలింది అక్కా, బస్సు కండక్టరుగా రిటైరైన ఆమె తమ్ముడూ. ముందే ఒక మాట అనుకుందామని తమ్ముడంటే, నిజం చెప్పడానికి రిహార్సలెందుకని అక్క కసిరింది.

అధికారి మొదట తమ్ముణ్ణి జీపులో కూర్చోబెట్టి అడిగాడు, తర్వాత అక్కని. నేలమీద చాపలు, మూలన పంతులుగారి కుర్చీ, చూరుకు గంట, అన్నీ కలిశాయి. నల్లబల్ల దగ్గర బెడిసికొట్టింది. తమ్ముడు పడమటి గోడన్నాడు. అక్క తూర్పు గోడంది.

కాంట్రాక్టరు నవ్వి డ్రైవరుకు సైగ చేశాడు. ఇంజను గర్జించింది.

అక్క తమ్ముణ్ణి రెక్క పట్టుకుని గదిలోకి లాక్కెళ్లింది.

"నీ కళ్లకేమొచ్చిందిరా? తలుపు పక్కన కదా బల్ల."

"కిటికీ పక్కన. దాన్ని చూస్తూ ఐదేళ్లు తన్నులు తిన్నాను, మర్చిపోతానా?"

అక్క కిటికీ వైపు తిరిగింది. మధ్యాహ్నపు ఎండ సూటిగా కళ్లలో కొట్టింది. చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నువ్వు బడికి ఏ పూట వెళ్లేవాడివి?"

"పొద్దున. మగపిల్లలందరం పొద్దునేగా."

గది చాలక ఆడపిల్లలకు మధ్యాహ్నం పెట్టేవారు. అక్క గుమ్మంలోకి వచ్చి అధికారిని పిలిచింది.

"పంతులుగారు ఒక్కరే, బల్లా ఒక్కటేనండీ. పిల్లల కళ్లలో ఎండ పడకుండా పూట మారితే గోడ మార్చేవారు. రెండు గోడలూ గీకించండి."

అధికారి చెయ్యెత్తి ఇంజను ఆపించాడు. పొరలు పొరలుగా సున్నం రాలింది. పడమటి గోడలో రెండు కొయ్యమేకులు బయటపడ్డాయి. తూర్పు గోడలో, అదే ఎత్తున, ఇంకో రెండు. కొట్టుగదికి ఇవెందుకని అధికారి అడిగాడు. బస్తాలు తగిలించడానికని చెప్పబోయిన కాంట్రాక్టరు, ఆ మాట తనకే నచ్చక మానుకున్నాడు.

కూల్చివేత ఆపుతూ అధికారి అక్కడే సంతకం చేశాడు. బుల్డోజర్ వెనక్కి మళ్లింది.

తమ్ముడు మాత్రం కదల్లేదు. ఈ వేళప్పుడు ఈ గదిలో అతనెన్నడూ లేడు. తూర్పు గోడకు ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

"మధ్యాహ్నం మీకేం చెప్పేవారక్కా?"

"మీకు చెప్పిందే. కాకపోతే మా వంతు వచ్చేసరికి ఆయన గొంతు పోయేది. ముందుకు జరిగి కూర్చుంటే తప్ప వినపడేది కాదు."

తమ్ముడు కొంచెం ముందుకు జరిగాడు.